చూపు వచ్చిన కంటికి ప్రపంచం ఎప్పుడు కనిపిస్తుంది?

1688లో డబ్లిన్ నగరవాసి విలియం మోలినూ, తత్వవేత్త జాన్ లాక్‌ను ఉద్దేశించి ఒక చిక్కు ప్రశ్న రాశాడు. పుట్టుకతోనే చూపు లేని మనిషి ఒకడున్నాడు. ఒకే లోహంతో, ఇంచుమించు ఒకే పరిమాణంలో చేసిన గోళాన్నీ ఘనాన్నీ చేత్తో తడిమి, ఏది ఏదో చెప్పడం నేర్చుకున్నాడు. పెద్దవాడయ్యాక అతనికి చూపు వచ్చింది. ఆ రెండింటినీ బల్ల మీద పెట్టి, ముట్టుకోనివ్వకుండా చూపిస్తే ఏది గోళమో, ఏది ఘనమో చెప్పగలడా? మోలినూ భార్య పెళ్లయిన కొద్దికాలానికే చూపు కోల్పోయింది. కాబట్టి ఇది ఆయనకు పుస్తకాల్లోంచి పుట్టిన ప్రశ్న మాత్రమే కాదనుకోవచ్చు.

చెప్పలేడన్నది మోలినూ జవాబు. 1694లో తన గ్రంథం రెండో ముద్రణలో ఈ ప్రశ్నను చేర్చిన లాక్ కూడా అదే అన్నాడు. జర్మనీ తత్వవేత్త లైబ్నిజ్ ఒప్పుకోలేదు. ఎదురుగా ఉన్నవి గోళం, ఘనం అని ముందుగా చెబితే చాలు, మూలలున్నది ఏదో మూలలు లేనిది ఏదో ఆలోచించి పోల్చుకోగలడని ఆయన వాదం. ఆ తరువాత మూడు వందల ఏళ్లు వాదన నడిచింది గాని, సరైన పరీక్ష జరగలేదు. జరగాలంటే పుట్టుకతో చూపు లేకుండా పెరిగి, చెప్పింది అర్థం చేసుకుని జవాబివ్వగల వయసులో చూపు పొందినవాళ్లు కావాలి. సంపన్న దేశాల్లో అలాంటి పిల్లలకు పసితనంలోనే శస్త్రచికిత్స అయిపోతుంది. మన దేశంలో చాలామందికి కాదు. ఆ పరీక్ష చివరికి ఢిల్లీలో జరగడానికి కారణం అదే. గర్వపడాల్సిన కారణం కాదు.

మనం చూస్తున్నది ప్రపంచాన్ని కాదు, మెదడు కల్పించిన బొమ్మను మాత్రమే అనే మాట ఈమధ్య ప్రసంగాల్లో, వీడియోల్లో తరచుగా వినిపిస్తోంది. ఆ మాటలో నిజమెంత, అతిశయం ఎంత అని విడదీయడానికి ఢిల్లీ పిల్లల నుంచి తెలిసిన సంగతులు బాగా ఉపయోగపడతాయి.

కన్ను పంపేది ఎంత?

ముందు రెండు మాటలను వేరుచేసుకోవాలి. వెలుగు, శబ్దం, ఒత్తిడి, గాలిలో తేలివచ్చే రసాయనాలు మన ఇంద్రియాలను తాకినప్పుడు అక్కడి కణాలు వాటిని విద్యుత్ సంకేతాలుగా మారుస్తాయి. ఇది సంవేదన. ఆ సంకేతాల ఆధారంగా ‘అక్కడ కుర్చీ ఉంది’, ‘అమ్మ పిలుస్తోంది’, ‘పాలు మాడుతున్నాయి’ అని మనకు తెలియడం గ్రహింపు. సంవేదన చాలావరకు భౌతిక, రసాయన శాస్త్రాలకు లొంగే వ్యవహారం. చిక్కంతా గ్రహింపుతోనే.

కంటి వెనక గోడ మీద పరుచుకుని ఉండే రెటీనాలో దాదాపు పది కోట్ల కాంతి గ్రాహక కణాలు ఉంటాయి. కంటి నుంచి మెదడుకు వెళ్లే దృష్టి నాడిలో మాత్రం తంతువులు పది పన్నెండు లక్షలే. అంటే పడిన వెలుగును పడినట్టు పంపే ఏర్పాటు మొదటి మజిలీలోనే లేదు. రెటీనాలోనే వడపోత మొదలవుతుంది. వెలుగు ఒకేలా పరుచుకున్న చోటు గురించి అక్కడి కణాలు పెద్దగా కబురు పంపవు; వెలుగు మారే చోటును, అంచును, కదలికను ఎత్తి చూపుతాయి. తెల్లగోడను చూసినప్పుడు మెదడుకు అందేది ఎక్కువగా ఆ గోడ అంచుల సమాచారమే.

అందిన సమాచారంలోనూ లోపాలు చాలా ఉన్నాయి. చేయి చాచి పట్టుకుంటే బొటనవేలి వెడల్పు ఎంత కనిపిస్తుందో, మన చూపులో నిజంగా స్పష్టంగా ఉండే భాగం సుమారుగా అంతే. మిగిలినదంతా మసక. ఆ చిన్న భాగాన్ని అటూ ఇటూ తిప్పడానికి కన్ను సెకనుకు మూడుసార్లు చొప్పున దూకుతూ ఉంటుంది. ఆ దూకుళ్ల మధ్య దృశ్యం చెదిరిపోతున్నట్టు మనకు అనిపించదు. ఇక దృష్టి నాడి బయటికి వెళ్లే చోట గ్రాహకాలు అసలే లేవు. ఫ్రాన్సు దేశస్థుడు ఎడ్మ్ మారియట్ 1660లలోనే ఈ అంధబిందువును గుర్తించాడు. ఒక కన్ను మూసుకుని ప్రపంచాన్ని చూసినా అక్కడ నల్ల మచ్చ కనిపించదు. చుట్టుపక్కల ఏముందో దాన్నిబట్టి ఆ ఖాళీ కూడా నిండిపోయినట్టే ఉంటుంది.

కంటి నుంచి వచ్చిన తంతువులు థాలమస్ అనే భాగంలో ఆగి, అక్కడి నుంచి తల వెనక భాగంలోని దృష్టి వల్కలానికి, అంటే చూపు పని చూసే మెదడు పైపొరకు వెళతాయి. ఈ థాలమస్ కణాల మీద వాలే సంధుల్లో (ఒక కణం కబురు మరో కణానికి అందే చోట్లలో) రెటీనా నుంచి వచ్చేవి పదో వంతు కూడా ఉండవు. మిగిలినవాటిలో పెద్ద భాగం పైనుంచి, అంటే వల్కలం నుంచి వెనక్కి వచ్చేవి. మెదడే అంతా కల్పిస్తోందని చెప్పేవాళ్లకు ఈ లెక్క చాలా ఇష్టం. అయితే సంఖ్యను చూసి తీర్పు చెప్పకూడదు. తక్కువే అయినా రెటీనా సంధులు బలమైనవి. కణాన్ని కదిలించేవి ముఖ్యంగా అవే. పైనుంచి వచ్చేవి ఎక్కువగా ఆ స్పందనను పెంచడమో తగ్గించడమో చేస్తాయి.

ఢిల్లీలో దొరికిన జవాబు

అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆచార్యుడు పవన్ సిన్హా ప్రారంభించిన ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’, ఢిల్లీలోని డాక్టర్ శ్రోఫ్ ధర్మ కంటి ఆసుపత్రితో కలిసి, ఉత్తర భారత గ్రామాల్లో పుట్టుకతో శుక్లాలున్న పిల్లలను వెతికి శస్త్రచికిత్స చేయిస్తుంది. వాళ్లకు చూపు ఎలా వస్తోందో పరిశీలిస్తుంది కూడా. చికిత్సకు ముందు ఈ పిల్లల్లో చాలామందికి వెలుగు చీకటి తేడా తెలిసేది గాని ఆకారాలు తెలిసేవి కావు.

2011లో ఈ బృందం ప్రచురించిన పరీక్షలో 8 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న ఐదుగురు పాల్గొన్నారు. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ దిమ్మెల్లాంటి ఆకారాలు ఇరవై జతలు తయారుచేశారు. ఒక ఆకారాన్ని ఇచ్చి, తరువాత రెండింటిని ముందుంచి, ఇందాకటిది ఏదని అడిగారు. చేత్తో తడిమినదాన్ని మళ్లీ చేత్తోనే గుర్తించమన్నప్పుడు దాదాపు తప్పే రాలేదు. కంటితో చూసినదాన్ని కంటితో గుర్తించమంటే పదికి తొమ్మిదిసార్లు సరిగా చెప్పారు. చేత్తో తడిమినదాన్ని కంటితో గుర్తించమన్నప్పుడు మాత్రం సరైన జవాబులు నూటికి అరవై కూడా రాలేదు. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి కాబట్టి కళ్లు మూసుకుని చెప్పినా యాభై వస్తాయి.

మోలినూ, లాక్‌లు చెప్పిందే నిజమైందన్నమాట. కథ అక్కడితో ఆగలేదు. అందుబాటులో ఉన్న పిల్లలను కొద్దిరోజుల తరువాత మళ్లీ పరీక్షిస్తే ఫలితం చాలా మెరుగైంది. మధ్యలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. పట్టుకున్న గ్లాసు, తెరిచిన తలుపు, ఎక్కిన మెట్టు, వీటితోనే చేతికి తెలిసినదీ కంటికి తెలిసినదీ జతపడ్డాయి. ఏళ్లు పట్టాల్సిన పని రోజుల్లో అయిందంటే, ఆ జోడింపుకు కావలసిన అమరిక మెదడులో ముందే సిద్ధంగా ఉండి, అనుభవం కోసం ఎదురుచూసిందని కొందరి అభిప్రాయం.

ఈ ఫలితాన్ని అందరూ ఒప్పుకోలేదు. అప్పుడే చూపు వచ్చిన కంటికి ఆ దిమ్మెలు ఘనాకారాలుగా తోచాయో లేదో ఎలా చెప్పగలం? కంటితో కంటికి పోల్చినప్పుడు కేవలం గీతల మరకల పోలికను చూసి సరిగా చెప్పి ఉండవచ్చు. ఆకారమే తెలియనప్పుడు దాన్ని చేతి జ్ఞాపకంతో పోల్చడం ఎలా? ఇది గట్టి అభ్యంతరమే. పైగా బ్రిటన్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ గ్రెగరీ 1963లో వివరించిన ‘ఎస్.బి.’ అనే రోగి ఉదాహరణ ఎదురుతిరుగుతుంది. పది నెలల వయసు నుంచి చూపు లేని ఎస్.బి.కి 52వ ఏట కొత్త కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) అమర్చారు. అంధుల పాఠశాలలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలను వేళ్లతో తడిమి నేర్చుకున్న అతను, ఆపరేషన్ తరువాత వాటిని చూసి చదివాడు. చిన్న అక్షరాలు అప్పుడు నేర్పలేదు, వాటిని చదవలేకపోయాడు. చేతి జ్ఞానం కంటికి బదిలీ అయిందనడానికి ఇంతకంటే చక్కని సాక్ష్యం దొరకదు. అయితే ఎస్.బి. పది నెలలపాటు చూపుతో ఉన్నవాడు. ఆ కొద్ది నెలలు మెదడులో ఏం మిగిల్చాయో ఎవరు చెప్పగలరు?

మరకలు వస్తువులుగా మారే తీరు

దిమ్మెల పరీక్ష కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే బృందం 2009లో ప్రచురించిన మరో పరిశీలన. ఒక వృత్తం మీద ఒక చదరం కొంతభాగం ఎక్కినట్టు, రెండింటి గీతలూ పూర్తిగా కనిపించేలా గీసిన బొమ్మ చూపిస్తే మనం రెండు ఆకారాలు అంటాం. చూపు కొత్తగా వచ్చినవాళ్లు మూడు అన్నారు. రెండూ కలిసిన చోట ఏర్పడిన ముక్కను వాళ్లు విడి వస్తువుగా లెక్కపెట్టారు. ఫొటోల్లోనూ అంతే: రంగు మారిన చోటల్లా, వెలుగు మారిన చోటల్లా వాళ్లకు ఒక కొత్త వస్తువు మొదలయ్యేది. నీడ కూడా వస్తువే.

నిజానికి వాళ్లు చెప్పింది తప్పు కాదు. రెటీనా మీద ఉన్నది అదే. వృత్తం చదరం వెనక కూడా కొనసాగుతోందని, నీడకు బరువుండదని రెటీనా మీద ఎక్కడా రాసి లేదు. మనం వాటిని ‘చూస్తున్నాం’ అనుకుంటాం గాని, పసితనంలో ఎప్పుడో నేర్చుకుని మరిచిపోయిన లెక్క అది.

ఆ ఆకారాల్ని కదిలించగానే పరిస్థితి మారిపోయింది. వృత్తం ఒకవైపు, చదరం ఒకవైపు జరిగితే కలిసి కదిలే ముక్కలన్నీ ఒకే వస్తువని వాళ్లు వెంటనే పట్టుకున్నారు. కాలక్రమంలో కదలని బొమ్మల్లోనూ వస్తువులను విడదీయగలిగారు. కదలిక వాళ్లకు మొదటి గురువు అయింది.

ఈ పని మెదడులో ఎక్కడ జరుగుతుంది? మొదటి ఆచూకీ 1950ల చివర్లో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్‌లకు దొరికింది, అదీ అనుకోకుండా. పిల్లి దృష్టి వల్కలంలోని ఒక కణానికి చుక్కలు చూపిస్తూ గంటలు గడిపారు, అది స్పందించలేదు. గాజు స్లయిడును ప్రొజెక్టరులోకి తోస్తున్నప్పుడు ఒక్కసారిగా స్పందించింది. దానికి కావలసింది చుక్క కాదు, స్లయిడు అంచు తెర మీద వేసిన సన్నని నీడగీత, అదీ ఒక వాలులో ఉన్నది. ఇలా ఒక్కో వాలుకు స్పందించే కణాలు అక్కడ వరుసగా ఉన్నాయని తేలింది. ఈ పరిశోధనలకు వాళ్లకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. గీతల దశ దాటాక రంగుకు, కదలికకు, ముఖాలకు ఎక్కువగా స్పందించే ప్రాంతాలు వేరువేరుగా ఉన్నాయి.

వేరుగా ఉన్నాయని ఎలా తెలుసంటే, ఒక్కొక్కటి విడిగా దెబ్బతింటుంది కాబట్టి. 1983లో జర్మనీ వైద్యబృందం వివరించిన ‘ఎల్.ఎం.’ అనే మహిళకు మెదడులో రక్తనాళ సమస్య వల్ల కదలికను చూసే శక్తి ఒక్కటే పోయింది. కప్పులో పోస్తున్న టీ ఆమెకు గడ్డకట్టినట్టు కనిపించేది. కప్పు ఎప్పుడు నిండుతుందో తెలిసేది కాదు. రోడ్డు మీద దూరాన ఉన్న కారు మరుక్షణం మీదికి వచ్చేసి ఉండేది. ‘డి.ఎఫ్.’ అనే మరో రోగి కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు వల్ల ఆకారాలను గుర్తించలేని స్థితికి చేరింది. ఎదురుగా ఉన్న సందు నిలువుగా ఉందో అడ్డంగా ఉందో చెప్పలేకపోయేది. కార్డు ఇచ్చి అందులో వేయమంటే మాత్రం చేతిని సరైన వాలుకు తిప్పి వేసేది. తనకు కనిపించిందని తనకే తెలియని చూపు అది. గ్రహింపు ఒకే తెర మీద పడే ఒకే బొమ్మ అన్న ఊహకు ఇలాంటి ఉదాహరణలు చోటివ్వవు.

ఒకే మరకకు వంద జవాబులు

భోజనానికి కూర్చున్నప్పుడు పక్కవారి కంచాన్ని చూడండి. ఏటవాలుగా చూస్తున్నాం కాబట్టి రెటీనా మీద పడేది కోడిగుడ్డు ఆకారం. మనకు కనిపించేది గుండ్రటి కంచం. ఆ కోడిగుడ్డు ఆకారపు ముద్రను దగ్గరున్న చిన్న గుండ్రటి కంచం వేయగలదు, దూరాన ఉన్న పెద్ద కంచం వేయగలదు, నిలబెట్టిన కోలపాటి పళ్లెం కూడా వేయగలదు. మూడు కొలతల ప్రపంచం రెండు కొలతల రెటీనా మీద పడ్డాక వెనక్కి వెళ్లే దారి ఒక్కటి కాదు. అనేక జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. 19వ శతాబ్దంలో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని మన ఎరుకలో లేకుండా జరిగే అనుమానం అన్నాడు. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, పొగను చూసి నిప్పుందని చెప్పే తర్కం.

ఆ ఎంపిక ఎలా జరగవచ్చో మనకు బాగా తెలిసిన రజ్జుసర్ప భ్రాంతితోనే, అంటే తాడును చూసి పాము అనుకోవడంతోనే లెక్కకట్టవచ్చు. అంకెలు ఊహించినవే. పొలం గట్టు మీద సందెవేళ మెలిక తిరిగి కనిపించే వంద వస్తువుల్లో తొంభై తాళ్లు, పది పాములు అనుకుందాం. ఆ మసక వెలుతురులో పాముల్లో పదికి ఎనిమిది నల్లగా, లావుగా కనిపిస్తాయి. తాళ్లలో పదికి రెండే అలా కనిపిస్తాయి. అంటే నల్లగా లావుగా కనిపించేవి మొత్తం ఇరవై ఆరు: ఎనిమిది పాములు, పద్దెనిమిది తాళ్లు. పాము అయ్యే అవకాశం మూడో వంతుకు కొంచెం తక్కువ. ఇదే దృశ్యం ఇంటి నూతి గట్టు దగ్గర, వెయ్యికి పదే పాములుండే చోట ఎదురైతే? ఎనిమిది పాములకు 198 తాళ్లు. అవకాశం నాలుగు శాతం. కంటికి అందినది రెండుచోట్లా ఒకటే. మారింది ఆ చోటు గురించి మనకు ముందే ఉన్న అంచనా.

మూడో వంతు కూడా అవకాశం లేకపోతే పొలం గట్టు మీద ఎందుకు ఎగిరి గంతేస్తాం? రెండు తప్పుల ఖరీదు ఒకటి కాదు కాబట్టి. తాడును పాము అనుకుంటే పోయేది కాస్త పరువు. పామును తాడు అనుకుంటే పోయేది ప్రాణం. ఇక టార్చి వేయగానే తాడు పేట కనిపిస్తుంది. ఏ పాము ఒంటి మీదా అలాంటి పేట ఉండదు. కొత్త ఆధారం ముందు పాత అంచనా నిలవదు. ‘మెదడు ఊహిస్తుంది’ అనేవాళ్లు తరచు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు.

హైదరాబాదులో పాఠశాల చదువు ముగించి అమెరికా వెళ్లిన రాజేశ్ రావు, డానా బాలార్డ్‌తో కలిసి 1999లో దీనికి ఒక యంత్రాంగాన్ని ప్రతిపాదించాడు. అందులో మెదడు పై అంచె కింది అంచెకు తన అంచనాను పంపుతుంది. కింది అంచె ఆ అంచనాకు సరిపోని తేడాను మాత్రమే పైకి పంపుతుంది. ఈ నమూనాలోని కృత్రిమ కణాలు నిజమైన వల్కల కణాల స్పందనల్లో కొన్నింటిని చక్కగా అనుకరించాయి. అంచనా–సవరణ సిద్ధాంతాలకు ఇది మూలరూపాల్లో ఒకటైంది.

2015లో ఇంటర్నెట్‌ను ఊపేసిన గౌను ఫొటో ఈ లెక్కకు మంచి నిదర్శనం. కొందరికి అది నీలం–నలుపు, కొందరికి తెలుపు–బంగారు రంగు. అసలు గౌను నీలం–నలుపే. ఫొటోలో వెలుతురు ఎలాంటిదో తేల్చే ఆనవాళ్లు లేవు. నీడలో ఉందనుకున్న మెదడు నీలపు ఛాయను తీసేసి తెలుపును మిగిల్చింది. పసుపు దీపం కింద ఉందనుకున్న మెదడు నీలాన్ని ఉంచింది. ఇంట్లో ఇద్దరు పోట్లాడుకున్నా ఎవరి కంట్లోనూ లోపం లేదు.

తెలిసినా పోని భ్రమలు

తాడని తెలిశాక పాము మళ్లీ కనిపించదు. అన్ని భ్రమలూ ఇలా పోవు. సమానమైన రెండు గీతల్లో ఒకదాని చివరలకు లోపలికి ముడుచుకున్న బాణపు మొనలు, రెండోదానికి బయటికి విచ్చుకున్న మొనలు గీస్తే రెండోది పొడవుగా కనిపిస్తుంది. ఇది మ్యూలర్–లయర్ భ్రమ. స్కేలు పెట్టి కొలిచినా, వందసార్లు చూసినా అలాగే ఉంటుంది. మన అద్వైతులు ఈ తేడాను ఎప్పుడో పట్టుకున్నారు: జ్ఞానంతో మాయమయ్యే తాటిపాము నిరుపాధిక భ్రమ; పక్కన మందారం ఉన్నంతసేపూ, తెలిసినా సరే, స్ఫటికం ఎర్రగానే కనిపించడం సోపాధిక భ్రమ. స్ఫటికంలో ఎరుపును కెమెరా కూడా పట్టుకుంటుంది కాబట్టి అది వెలుగు చేసే పని. గీతల భ్రమ మెదడు చేసే పని. ఆ తేడా ఉన్నా, తెలియడంతోనే తొలగిపోనివి కొన్ని ఉంటాయన్న గమనిక మాత్రం సూటిగా ఇక్కడికి సరిపోతుంది.

కొన్ని అంచనాలు మన నమ్మకాలకు అందనంత కింది అంచెల్లో స్థిరపడి ఉన్నాయని దీని అర్థం. అవి ఎలా స్థిరపడ్డాయి? గదుల మూలలు, భవనాల అంచులు చూస్తూ పెరిగినందువల్లే ఈ భ్రమ కలుగుతుందని ఒక ప్రసిద్ధ వివరణ. 1966లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, మూలలున్న ఇళ్లు అంతగా లేని సమాజాల్లో ఈ భ్రమ బలహీనంగా కనిపించడం దానికి ఊతమిచ్చింది. తరువాత 2015లో ప్రకాశ్ బృందం శస్త్రచికిత్స అయిన వెంటనే తొమ్మిదిమంది పిల్లలకు ఇవే గీతలు చూపించింది. ఏ భవనపు మూలనూ ఎన్నడూ చూడని ఆ పిల్లలకూ భ్రమ కలిగింది! అనుభవం అక్కర్లేదన్న పక్షానికి ఇది పెద్ద బలం. ఒక మెలిక ఉంది: ఇలాంటి గీతలను ఉబ్బెత్తుగా చేసి వేళ్లతో తడమమన్నా పుట్టుకతో చూపు లేనివాళ్లకు సైతం ఈ భ్రమ కలుగుతుంది. కాబట్టి అనుభవం మరో ఇంద్రియం ద్వారా వచ్చి ఉండవచ్చు.

చెవి నేర్చుకునేది, మరిచిపోయేది

చూపు గురించే ఇంతసేపు చెప్పాను గాని, అనుభవం గ్రహింపును ఎలా చెక్కుతుందో చెవిలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ‘మాట’, ‘మాత’ అనే రెండు పదాల తేడా తెలుగువారికి పగలూ రాత్రీ అంత. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దలకు ఆ తేడా పట్టుకోవడం చాలా కష్టం. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో హిందీలోని త–ట ధ్వనులనే వాడారు. ఇంగ్లీషు కుటుంబాల్లోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసిపిల్లలు ఆ తేడాను సులువుగా పట్టుకున్నారు. ఏడాది దగ్గరపడేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. చెవి చెడిపోలేదు; తమ చుట్టూ ఉన్న భాషలో అవసరం లేని తేడాను మెదడు లెక్కలోంచి తీసేసింది. మనమూ దీనికి అతీతులం కాము. ఇంగ్లీషులో ‘ద్రాక్షతీగ’ను, ‘ద్రాక్ష సారా’ను చెప్పే రెండు పదాల మొదటి ధ్వనులు వేరు. మనకు రెండూ ‘వైన్’ అనే వినిపిస్తాయి.

ఇంద్రియాలు ఒకదాన్నొకటి మార్చేస్తాయి కూడా. హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో చూపిన ప్రయోగంలో ‘బ’ అనే శబ్దాన్ని ‘గ’ అంటున్న పెదవుల దృశ్యంతో కలిపారు. చాలామందికి ‘డ’ వినిపించింది. కళ్లు మూసుకుంటే మళ్లీ ‘బ’. సినిమా హాలులో తెర వెనక స్పీకర్ల నుంచి వచ్చే మాట తెర మీద నటుడి నోట్లోంచే వస్తున్నట్టుండడమూ ఈ కోవలోదే. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడంలో చెవి కంటే కన్నే నమ్మదగినదని మెదడు పెట్టుకున్న లెక్క అది.

అంతా మెదడు సృష్టేనా?

ఇప్పుడు అసలు వివాదం. ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన అనిల్ సేథ్ వంటివారు గ్రహింపును అదుపులో ఉన్న భ్రాంతి అంటారు. లోపలి నుంచి వచ్చే అంచనాలే మన అనుభవం. ఇంద్రియాలు వాటికి పగ్గం వేస్తాయి. వీళ్లకు బలమైన సాక్ష్యం పగ్గం తెగిన సందర్భాల నుంచి వస్తుంది. 1760లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు చార్లెస్ బోనే, చూపు మందగించిన తన తాతకు లేని మనుషులు, పక్షులు, భవనాలు కనిపిస్తున్నాయని రాశాడు. అవి నిజం కావని తాతకు తెలుసు, మతి స్థిమితంగానే ఉంది. కంటి జబ్బులతో చూపు తగ్గిన వృద్ధుల్లో ఇది అరుదేమీ కాదు. పిచ్చి అంటారనో, గాలి సోకిందంటారనో మన ఇళ్లలో పెద్దవాళ్లు పైకి చెప్పరు.

అవతలి పక్షానికి ఆద్యుడు అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ గిబ్సన్. రెండో ప్రపంచయుద్ధంలో విమాన చోదకుల చూపును పరిశీలించిన ఆయనకు, నేలను చేరేటప్పుడు చుట్టూ ఉన్న దృశ్యం పారే తీరులోనే దూరం, వేగం, దిశ అన్నీ ఉన్నాయనిపించింది. కదలకుండా కూర్చుని, ఒంటి కన్నుతో, కాగితం మీది బొమ్మను చూస్తే కదా ఒకే మరకకు వంద జవాబులు! తల తిప్పుతూ, నడుస్తూ చూసే జీవికి ప్రపంచం చాలినంత సమాచారం ఇస్తుంది, ఊహించే అవసరం తక్కువ. కంచం చుట్టూ రెండడుగులు వేస్తే అది గుండ్రమా కాదా అన్న సందేహం ఎగిరిపోతుందని ఈ పక్షం గుర్తుచేస్తుంది.

ఢిల్లీ పిల్లలు ఇద్దరికీ కొంత ఇచ్చారు. చేతినీ కంటినీ జతచేయడానికి అనుభవం కావలసి వచ్చింది; ఇది హెల్మ్‌హోల్ట్జ్ వారసుల వాటా. ముక్కలను వస్తువులుగా కలిపే దారి కదలిక చూపించింది. ఇది గిబ్సన్ వాటా. నా మట్టుకు నాకు ‘భ్రాంతి’ అనే పదం చేటు చేస్తోందనిపిస్తుంది. రోడ్డు దాటే మనిషి అంచనా క్షణక్షణం వచ్చిపడే వెలుగుకు జవాబుదారీగా ఉంటుంది. బోనే తాత చూసిన భవనాలు దేనికీ జవాబుదారీ కావు. రెంటికీ ఒకే పేరు పెడితే తేడా చెరిగిపోతుంది. అలాగని, కన్ను కెమెరా, మెదడు తెర అన్న పాత బొమ్మను వెనక్కి తెచ్చుకోలేం. వృత్తం, చదరం పరీక్ష దానికి అడ్డం.

ఎంత ఆలస్యమైతే మరీ ఆలస్యం?

పిల్లి పిల్లలకు తొలి నెలల్లో ఒక కన్ను మూసి ఉంచితే, తరువాత తెరిచినా ఆ కంటితో చూపు రాదని హ్యూబెల్, వీజెల్‌లు 1960లలో చూపించారు. అందుకే పుట్టుకతో రెండు కళ్లలో దట్టమైన శుక్లం ఉన్న శిశువులకు సాధారణంగా మొదటి రెండు నెలల్లోపే శస్త్రచికిత్స చేయడం మంచిదని వైద్యులు భావిస్తారు. ఏడెనిమిదేళ్లు దాటితే లాభం లేదని చాలాకాలం నమ్మారు కూడా. ప్రకాశ్ పిల్లలు ఆ నమ్మకాన్ని సగం తప్పని నిరూపించారు. చూపు పదును ఎన్నటికీ మామూలు స్థాయికి రాలేదు. ఆ గడువు నిజంగానే దాటిపోయింది. వస్తువులను విడదీయడం, చేయి చాపి అందుకోవడం, చేతి జ్ఞానాన్ని కంటికి జతచేయడం మాత్రం పదేళ్ల తరువాత కూడా నేర్చుకోగలిగారు. గడువు ఒక్కటి కాదు, పనికొకటి ఉంది.

2024లో ఇదే బృందం ఇంకో వింతను బయటపెట్టింది. మనకు రంగుల ఫొటో అయినా నలుపు తెలుపు ఫొటో అయినా వస్తువులను గుర్తించడంలో పెద్ద తేడా ఉండదు. ఆలస్యంగా చూపు పొందిన పిల్లలు మాత్రం రంగు తీసేయగానే బాగా తడబడ్డారు. కారణం వాళ్లు కోల్పోయిన పసితనంలో ఉండవచ్చునని పరిశోధకులు అంటున్నారు. అప్పుడే పుట్టిన శిశువు రెటీనాలో రంగును పట్టే కణాలు ఇంకా ఎదగవు. లోకం మొదట వెలసిపోయినట్టు కనబడుతుంది కాబట్టి మెదడు వెలుగు నీడలతోనే వస్తువులను గుర్తించడం నేర్చుకుంటుంది, రంగు తరువాత చేరుతుంది. ఎదిగిన కంటితో చూపు మొదలుపెట్టిన పిల్లలకు రంగులన్నీ తొలిరోజే దొరికాయి. అవే ఆధారమయ్యాయి. పరిశోధకులు కంప్యూటర్ నమూనాలకు మొదట నలుపు తెలుపు చిత్రాలు, తరువాత రంగు చిత్రాలు చూపి శిక్షణ ఇస్తే అవి రెండింటినీ చక్కగా గుర్తించాయి. మొదటి నుంచీ రంగు చిత్రాలతోనే నేర్చుకున్న నమూనాలు, రంగు తీసేస్తే, ఢిల్లీ పిల్లల్లాగే తడబడ్డాయి.